కుండ గోడలోని ఖాళీలు: మట్టి పాత్రల వంట ఎలా పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు

సంక్షిప్తంగా: మట్టి చట్టిలో కాగిన పులుసు రుచి, ఆ చట్టి పగిలే గుణం, కడిగినా వదలని వాసన, ఒకప్పుడు మైలపడిన కుండను పారవేసిన ఆచారం, ఇవన్నీ ఒకే కారణానికి ముడిపడి ఉన్నాయి. తక్కువ వేడిలో కాలిన మట్టి గోడ నిండా కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. పులుసులకు, పప్పుకు, పాలకు ఆ గోడ చేసే మేలు నిజమైనదే. పోషకాల గురించి ప్రచారంలో ఉన్న అంకెలు మాత్రం శాస్త్రానికి నిలవవు. గ్యాస్ పొయ్యి మీద వాడేవారు పాత్ర అడుగు ఆకారాన్ని, మంట తీరును, పైన పూత ఉందో లేదో చూసుకోవలసి ఉంటుంది.

నగరాల్లో రహదారి పక్కన మట్టి చట్టీలు, మూకుళ్లు, పిడులున్న గిన్నెలు కుప్పలుగా పోసి అమ్మడం కొన్నేళ్లుగా మామూలు దృశ్యమైంది. 2024 మే నెలలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తరఫున వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో మట్టి పాత్రలను సురక్షితమైన వంట పాత్రలుగా పేర్కొనడంతో ఈ ఆసక్తి మరింత పెరిగింది. పులుపు పదార్థాలను అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిల్వ ఉంచవద్దని కూడా ఆ మార్గదర్శకాలు సూచించాయి. అయితే ఆసక్తితోపాటు అయోమయమూ పెరిగింది. కొన్న వారంలోనే చట్టి పగిలిందని కొందరు, బూజు పట్టిందని కొందరు చెబుతుంటే, సర్వరోగాలూ నయమవుతాయన్నట్టుగా మరికొందరు ప్రచారం చేస్తున్నారు. వీటిలో ఏది ఎందుకు జరుగుతుందో తెలియాలంటే వంటింటి కంటే ముందు కుండలు కాల్చే ఆవం దగ్గరికి వెళ్లాలి.

ఆవంలో జరిగేది

చెరువు అడుగున దొరికే బంకమట్టిని నానబెట్టి, రాళ్లూ వేర్లూ ఏరి, కాళ్లతో తొక్కి, సన్న ఇసుకో బూడిదో కలిపి కుమ్మరులు సిద్ధం చేస్తారు. సారె, అంటే కుమ్మరి చక్రం మీద కుండకు మెడ, భుజం రూపు దిద్దుకుంటాయి. సంప్రదాయ పద్ధతిలో అడుగు మాత్రం సారె మీద పూర్తికాదు. కాస్త ఆరిన తరువాత లోపలివైపు గుండ్రటి రాయిని అడ్డం పట్టి, బయటినుంచి చెక్క పలకతో తడుతూ గోడను సాగదీసి అడుగును మూస్తారు. గోడ అంతటా దాదాపు ఒకే మందం రావడానికి, అడుగు గుండ్రంగా మూలలు లేకుండా కుదరడానికి ఈ తట్టుడే కారణం.

ఆవంలో కట్టెలు, పిడకలు, గడ్డి మధ్య కుండలు కాలుతున్నప్పుడు సుమారు 500 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర మట్టి కణాల్లో బంధించి ఉన్న నీరు బయటికి పోతుంది. ఆ మెట్టు దాటిన మట్టి మళ్లీ నీటిలో కరగదు. పల్లె ఆవాల్లో వేడి సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల వరకు చేరుతుంది. పింగాణీ సామానును 1,200 డిగ్రీలకు పైగా కాలుస్తారు కాబట్టి అందులో కొంత భాగం కరిగి, గాజులా మారి, కణాల మధ్య ఖాళీలను పూడుస్తుంది. కుండలో అంత వేడి లేదు. ఖాళీలు ఖాళీలుగానే మిగిలిపోతాయి. కుండకు సంబంధించిన మంచీ చెడూ దాదాపు అంతా ఇక్కడే మొదలవుతుంది.

గట్టిగా కాలిన పింగాణీ కప్పును మంట మీద పెడితే చిట్లుతుంది, మెత్తగా కాలిన కుండ మాత్రం ఏళ్ల తరబడి మంటను ఓర్చుకుంటుంది. పైకి ఇది తలకిందులుగా తోస్తుంది. వేడికి పదార్థం వ్యాకోచిస్తుంది. ఒక చోట ఎక్కువ, పక్కన తక్కువ వ్యాకోచిస్తే మధ్యలో లాగుడు పుట్టి పగులు మొదలవుతుంది. గాజులాంటి గట్టి పదార్థంలో ఆ పగులు అడ్డూ ఆపూ లేకుండా చివరిదాకా పరుగెత్తుతుంది. కుండ గోడలో మాత్రం దారిలో తగిలిన రంధ్రం దగ్గరో, ఇసుక రేణువు దగ్గరో ఆగిపోతుంది. మట్టిలో ఇసుక కలపడం వెనుక ఉన్న అసలు ఫలితం ఇదే.

ఎరుపు, నలుపు రంగుల గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆవంలో గాలి బాగా ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. గాలిని మూసి పొగను లోపలే నిలిపితే కుండ నల్లబడుతుంది. ఒకే కుమ్మరి ఒకే మట్టితో రెండూ చేయగలరు. నల్ల చట్టికి వేరే ఔషధ గుణాలున్నాయని చెప్పి ఎక్కువ ధర అడిగితే, ఆ తేడా ఆవంలోని గాలిదేనని గుర్తుంచుకోవచ్చు.

నెమ్మదిగా దిగే వేడి

అల్యూమినియం కంటే కాలిన మట్టి వేడిని దాదాపు 200 రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది. పైగా చట్టి గోడ మందం. మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం గిన్నెతో ఎనిమిది మిల్లీమీటర్ల చట్టిని పోల్చి లెక్క కడితే, గోడ వేడికి చూపే అడ్డు 500 రెట్లకు పైనే ఉంటుంది. అలాగని వంట అన్ని రెట్లు ఆలస్యం కాదు. మంటకూ పాత్రకూ మధ్య ఉండే పలుచటి గాలి పొర ఏ పాత్రకైనా పెద్ద అడ్డే, దానికి మట్టి గోడ తోడవుతుంది, అంతే. ఫలితంగా చట్టిలో మరుగు ఆలస్యంగా మొదలవుతుంది, మెల్లగా సాగుతుంది, మంటలో ఎగుడుదిగుళ్లు కూరదాకా వెంటనే చేరవు.

మట్టి వేడిని నిలుపుకుంటుందన్న మాటలోనూ కొంత సవరణ అవసరం. బరువుకు బరువు పోలిస్తే మట్టి పట్టుకునే వేడి అల్యూమినియం పట్టుకునేంతే. చట్టి బరువు ఎక్కువ కావడం వల్ల మొత్తంగా ఎక్కువ వేడి చేరుతుంది, గోడ మందకొడి కావడం వల్ల ఆ వేడి నెమ్మదిగా వెలుపలికి పోతుంది. పొయ్యి ఆర్పిన తరువాత కూడా చట్టిలో పులుసు కొన్ని నిమిషాలు కుతకుతలాడటం ఇందుకే. అనుభవమున్న వంటవారు కూర పూర్తిగా కాకముందే మంట తీసేస్తారు. మిగిలిన వంటను చట్టి చూసుకుంటుంది.

ఈ లక్షణం ఎక్కడ ఎక్కువ ఉపయోగమో చేపల పులుసు చూపిస్తుంది. చేప కండ సున్నితమైనది. గుప్పున మరిగే పులుసులో ముక్క ముక్కతో ఢీకొని విరిగిపోతుంది. చట్టిలో మరుగు మెత్తగా ఉంటుంది. వెడల్పు మూతి కాబట్టి నీరు ఆవిరై పులుసు చిక్కబడుతుంది, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరుచుకుంటాయి. గరిటె పెట్టకుండా చట్టి అంచులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా కదిపే అలవాటు కూడా ఆ వెడల్పు వల్లే సాధ్యమైంది. చింతపండులోని ఆమ్లం అల్యూమినియాన్ని తింటుంది, మట్టిని తాకదు. కాబట్టి రాత్రి వండిన పులుసును అదే చట్టిలో ఉంచి మర్నాడు తినవచ్చు. నెల్లూరు వైపు మామిడికాయ ముక్కలతో వండే పులుసు మర్నాటికే రుచి అని చెప్పేవారు ఎక్కువ. రాత్రంతా ముక్కకు పులుపూ ఉప్పూ పట్టడానికి అవకాశమిచ్చే పాత్ర అది.

ఉలవచారు మరో ఉదాహరణ. ఉడికిన ఉలవల కట్టును చింతపండు రసంతో గంటల తరబడి మరిగించాలి. అడుగు మాడకుండా అంతసేపు సన్న సెగను ఓర్చుకోవడం పలుచటి లోహపు గిన్నెకు కష్టం. పాల విషయంలో దాలి గుంటలు ఈ పనినే చేసేవి. పిడకల సెగ మీద పాలకుండను పొద్దుటినుంచి సాయంత్రం దాకా వదిలేస్తే పాలు పొంగకుండా కాగి, మీగడ ఎర్రబడి, తోడు పెట్టిన పెరుగు గట్టిగా వచ్చేది. పెరుగు గట్టిదనంలో రంధ్రాల పాత్ర మరింత నేరుగా ఉంటుంది: గోడ కొంత నీటిని పీల్చి బయటికి ఆవిరిగా పంపుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ల వేడి తీసుకుంటుంది. అది అర కిలోకు పైగా నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి సరిపోతుంది. తెలంగాణలో రంజన్లు అని పిలిచే వేసవి నీటి కుండలు పనిచేసేది ఈ సూత్రం మీదే. చల్లబడిన పెరుగు త్వరగా పులియదు కూడా.

మరోవైపు, వేపుళ్లకు మట్టి పాత్ర అంత అనువైనది కాదు. మట్టిలో వేడి అన్నివైపులా సమానంగా పరుచుకుంటుందని తరచూ చెబుతారు గాని, గోడ వెంట పక్కకు వేడిని పంపడంలో మట్టి బాగా వెనుకబడి ఉంటుంది. పులుసులో ఆ లోటును కదిలే ద్రవం పూడుస్తుంది. బెండకాయ వేపుడులో పూడ్చేది ఏదీ లేదు. మధ్యలో మాడుతుంది, అంచున పచ్చిగా మిగులుతుంది, కొంత నూనెను గోడే తాగేస్తుంది. మట్టి పాత్రకు నూనె తక్కువ పడుతుందన్న మాట పప్పు, పులుసు, ఇగురు వరకే నిలుస్తుంది.

పొయ్యి మారాక

కుండ వంటింట్లోంచి వెళ్లిపోవడానికి రుచిలో మార్పు కారణం కాదు. మూడు రాళ్ల పొయ్యి మీద, మట్టితో మెత్తిన కట్టెల పొయ్యి మీద గుండ్రటి అడుగు కుదురుగా కూర్చునేది. మంట కుండ పొట్ట చుట్టూ అల్లుకునేది. గ్యాస్ పొయ్యి ఈ ఏర్పాటునంతా మార్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో వచ్చిన ఉజ్వల పథకం పొగ లేని వంటను పల్లెలకు తెచ్చాయి. కళ్లమంటలు, దగ్గు తగ్గడం స్త్రీల ఆరోగ్యానికి జరిగిన పెద్ద మేలు. ఆ లాభాన్ని వదులుకుని కట్టెల పొయ్యికి తిరిగి వెళ్లమనడం సబబు కాదు. అయితే గ్యాస్ మంట చిన్న వలయంలో, ఒకే చోట, ఒక్కసారిగా తగులుతుంది. గుండ్రటి కుండ దాని మీద నిలవదు.

అందుకే ఇప్పుడు దుకాణాల్లో దొరికే చట్టీల్లో చాలావాటికి చదునైన అడుగు ఉంటుంది. నిలవడం వరకు సమస్య తీరింది, పగలడం పెరిగింది. చదునైన అడుగు గోడతో కలిసే చోట మూల ఏర్పడుతుంది. వేడెక్కిన అడుగు సాగుతుంటే చల్లని గోడ దాన్ని పట్టి ఆపుతుంది, ఆ లాగుడంతా మూల దగ్గర పోగవుతుంది. అచ్చుల్లో ఒత్తి చేసిన పాత్రల్లో అడుగు ఒక మందంగా, గోడ మరొక మందంగా ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఖాళీ చట్టిని మంట మీద పెట్టడం, కాగిన చట్టిలో చన్నీళ్లు పోయడం, దించి తడి గట్టు మీద పెట్టడం, ఈ మూడింటివల్లే చాలా చట్టీలు పోతాయి. మొదటి పది నిమిషాలు సన్న సెగ మీద, లోపల కొంచెం నీరో నూనో ఉండగా వేడెక్కనివ్వడం, మంట మీద ఇనుప పెనం లేదా జాలీ ఉంచి దానిపై చట్టిని పెట్టడం ఈ లాగుడును తగ్గిస్తాయి. ఇండక్షన్ పొయ్యి మీద మట్టి పాత్ర అసలు వేడెక్కదు.

ఈ సమస్యను జపాన్ మరో దారిలో పరిష్కరించుకుంది. అక్కడి డొనాబె అనే మట్టి పాత్రలకు మియే ప్రిఫెక్చర్‌లోని ఇగా, యొక్కాయిచి ప్రసిద్ధి. ఇగా మట్టి పురాతన సరస్సు అడుగున పేరుకున్నది. అందులోని సేంద్రియ పదార్థం కాలిపోయి గోడలో సహజంగా రంధ్రాలు మిగులుస్తుంది. యొక్కాయిచి ప్రాంతపు బంకో కుండల్లో పెటలైట్ అనే లిథియం ఖనిజం కలుపుతారు. దానివల్ల వేడికి పాత్ర సాగడమే బాగా తగ్గి నేటి గ్యాస్ మంటను తట్టుకుంటుంది. తెలుగు నేలలోని కుమ్మరుల నైపుణ్యానికి ఇలాంటి పదార్థ పరిశోధన తోడైతే చదునైన అడుగు సమస్యకు మెరుగైన సమాధానం దొరకవచ్చు.

పోషకాల లెక్క

కుక్కర్‌లో వండితే పప్పులో పోషకాలు 13 శాతమే మిగులుతాయని, మట్టి కుండలో నూటికి నూరూ నిలుస్తాయని ఒక ప్రచారం ఏళ్లుగా తిరుగుతోంది. ఇందులో మొదటి పొరపాటు పోషకాలన్నిటినీ ఒకే గాటన కట్టడం. ఇనుము, కాల్షియం, భాస్వరం మూలకాలు. కుక్కర్‌లోని సుమారు 120 డిగ్రీల వేడి వాటిని నాశనం చేయలేదు. అవి గింజలోంచి నీటిలోకి దిగవచ్చు, ఆ నీటిని పారబోస్తేనే పోతాయి. మాంసకృత్తులు ఉడకడం వల్ల తేలికగా అరుగుతాయి. వేడికి నిజంగా దెబ్బతినేవి సి విటమిన్, ఫోలేట్ వంటివి. వాటి నష్టం పాత్ర దేనితో చేశారన్నదాని మీద కాక ఎంత వేడి, ఎంతసేపు, ఎంత నీరు అన్నవాటి మీద ఆధారపడుతుంది. కుక్కర్‌లో వేడి ఎక్కువ, సమయం తక్కువ. కుండలో వేడి తక్కువ, సమయం ఎక్కువ. ఒకటి మరొకదానికి ఏడెనిమిది రెట్లు మెరుగని చెప్పడానికి ఈ లెక్కలో చోటు లేదు.

మట్టి క్షారగుణం కలదనీ, ఆహారంలోని ఆమ్లాన్ని విరిచేస్తుందనీ మరో వాదన ఉంది. కాలిన మట్టిలో ప్రధానంగా ఉండేవి సిలికా, అల్యూమినా సమ్మేళనాలు. అవి మరిగే నీటిలోనూ చింతపండు రసంలోనూ దాదాపు కరగవు. ఆ వాదన నిజమైతే చట్టిలో కాగిన పులుసు చప్పబడాలి. ఏ వంటింట్లోనూ అలా జరగడం లేదు. మట్టి పాత్ర విలువ అందులోంచి ఆహారంలోకి ఏదో దిగడంలో లేదు, ఏదీ దిగకపోవడంలో ఉంది. పులుపు వంటలకు అది పెద్ద సుగుణం.

మెరుపు పూతతో జాగ్రత్త

ఈ సుగుణం పూత లేని పాత్రకే వర్తిస్తుంది. తక్కువ వేడి ఆవంలో కరిగి గాజులా మారగల పూత కావాలంటే ప్రపంచంలో చాలాచోట్ల సీసం కలిపేవారు, ఎందుకంటే సీసపు పూత తక్కువ వేడికే కరుగుతుంది. మెక్సికోలో ఇలాంటి మెరుపు పూత వేసిన సంప్రదాయ పాత్రల నుంచి పులుపు ఆహారంలోకి సీసం దిగడం దశాబ్దాలుగా ప్రజారోగ్య సమస్యగా ఉంది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం హాని చేస్తుంది. ఇంత వరకు ఫర్వాలేదని చెప్పగల సురక్షిత పరిమితి కూడా తెలియదు. తెలుగు ప్రాంతాల సంప్రదాయ వంట కుండలకు పూత ఉండదు. అంగడిలో అద్దంలా మెరిసే చట్టి, లోపల రంగు వేసిన గిన్నె, వార్నిష్ వాసన వేసే మూకుడు కనిపిస్తే వాటిని అలంకారానికి వదిలేయడం మేలు. ఆవకాయ జాడీల సంగతి వేరు; అవి ఎక్కువ వేడిలో గట్టిగా కాలిన మరో జాతి సామాను. మట్టి ఎక్కడిదన్నది కూడా ముఖ్యమే. కర్మాగారాల వ్యర్థాలు కలిసే చెరువు మట్టిలో భార లోహాలు ఉండవచ్చు, ఆవం వాటిని తొలగించదు.

గంజి, పీచు, ఎండ

కొత్త చట్టిని ఒక రాత్రంతా నీటిలో నానబెట్టి, ఆరనిచ్చి, గంజి పోసి సన్న సెగ మీద మరిగించి, అందులోనే చల్లారనిచ్చే పద్ధతి ఇళ్లలో తరతరాలుగా ఉంది. గంజిలోని పిండిపదార్థం వేడికి ఉబ్బి రంధ్రాల్లో జిగురులా కూర్చుంటుంది. చెమ్మ కారడం తగ్గుతుంది. కేరళలో చట్టిని మయక్కడం అంటారు, జపాన్‌లో కొత్త డొనాబెలో ముందుగా బియ్యపు జావ కాస్తారు. బియ్యం తినే మూడు చోట్ల ఒకే ఉపాయం కనిపించడం గమనించదగినది. నీటి కుండకు మాత్రం ఈ పని చేయకూడదు, దాని రంధ్రాలు తెరిచి ఉంటేనే నీరు చల్లబడుతుంది.

సబ్బు నీటిని గోడ పీల్చి తరువాతి వంటలోకి వదులుతుంది కాబట్టి వేడినీళ్లు, కొబ్బరి పీచు, శనగపిండి లేదా జల్లించిన బూడిద సరిపోతాయి. చేపల చట్టిని పప్పుకు వాడకపోవడానికీ కారణం ఇదే. కడిగిన చట్టిని బోర్లించి అలమరలో పెడితే లోపలి చెమ్మకు బూజు పడుతుంది. ఎండలో పూర్తిగా ఆరాకే లోపల పెట్టాలి.

కుమ్మరి ఇంటి లెక్క

గోడలోకి ఇంకినది పూర్తిగా కడిగినా పోదన్న గ్రహింపు ఆచారాల్లోకి కూడా చేరింది. మైలపడిన లోహపు పాత్రను తోమి శుద్ధి చేసుకోవచ్చు, కుండను పారవేయాలి అన్నది పాత నియమం. పూరీ జగన్నాథాలయంలో మహాప్రసాదం కొత్త కుండల్లోనే వండుతారు. తిరుమలలో స్వామికి పెరుగన్నం నివేదించేది పగిలిన కొత్త కుండ ముక్కలో, దాన్నే ఓడు అంటారు. తెలంగాణలో బోనానికి కొత్త కుండ కావాలి, పెళ్లికి ఐరేని కుండలు కుమ్మరి ఇంటినుంచే రావాలి. వంటింట్లో కుండ లేకుండా పోయిన దశాబ్దాల్లో కుమ్మరి సారె ఆగకుండా కొంతవరకైనా కాపాడినవి ఈ క్రతువులే.

అంతకుముందు ఊళ్లో వేరే ఏర్పాటు ఉండేది. రైతు కుటుంబం కళ్లంలో కుమ్మరికి మేర అనే వాటాగా ధాన్యం కొలిచేది, కుమ్మరి ఏడాది పొడవునా ఆ ఇంటికి కావలసిన కుండలు ఇచ్చేవారు. కుండ పగిలితే ఇల్లాలికి ఆ పూటే డబ్బు ఖర్చు ఉండేది కాదు. పగిలే వస్తువును నిత్యం వాడుకోగలిగిన ధీమా ఆ మేరలో ఉంది. మేర పోయి నగదు బేరం వచ్చాక ప్రతి పగులూ ఖర్చుగా మారింది. ఒకసారి కొంటే ఇరవై ఏళ్లు నిలిచే అల్యూమినియం గిన్నె ముందు కుండ నిలవలేకపోయింది.

ఇప్పటి గిరాకీ ఆ కుటుంబాలకు చేరుతుందా అన్నది ఇంకా తేలని విషయం. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద విద్యుత్ సారెలు పంచడం వల్ల శారీరక శ్రమ తగ్గింది. అయితే వంట చట్టికి కావలసిన మట్టి, తట్టి సాగదీసే నేర్పు ప్రమిదలు, బొమ్మలు చేసే పనికంటే భిన్నమైనవి. తట్టుడు నేర్చిన చేతులు వయసు మళ్లుతున్నాయి. చెరువులు కబ్జాలకు గురైన చోట మట్టి దూరమైంది, ట్రాక్టరు కిరాయి కుండ ధరలో చేరుతోంది. అచ్చు పాత్ర ఆ ఖర్చులను తట్టుకుంటుంది గాని చేతి కుండంత మంటను తట్టుకోవడం అరుదు. కొనేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే ఏ మట్టి, ఎంత వేడిలో కాలింది, చేత్తో తట్టిందా అచ్చులో ఒత్తిందా అన్న వివరం పాత్ర మీద ఎక్కడా ఉండదు. ప్రస్తుతానికి ఉన్న పరీక్ష పాతదే. చట్టిని ఒక చేత్తో ఎత్తి వేలి కణుపుతో తడితే ఖంగున మోగాలి. బొదబొదలాడితే ఎక్కడో పగులుంది, లేదా లోపల సరిగా కాలలేదు.